స్వరలేఖనము గుమాస్తా పనియా?

పాత నోటుపుస్తకములోని స్వరములను కంప్యూటరున కెక్కించుట యేమంత పని యని మా మిత్రు లొకరు మొన్న పరిహసించిరి. కాగితముపై నున్నదానిని చూచి మీటలు నొక్కుటయే గదా, టైపు నేర్చిన పిల్లవానికి పుటకింత యని యిచ్చినచో నాలుగు దినములలో ముగించి తెచ్చును, ఇందుకు సంగీతజ్ఞాన మెందుకని వారి వాదము. ఇది వారొక్కరి యభిప్రాయమే యైనచో మేము కలము పట్టవలసిన పని లేకపోవును. సభలు నడుపువారును, పాఠ్యగ్రంథములు ప్రకటించువారును, తల్లిగారి జ్ఞాపకార్థము కీర్తనల సంపుటము నచ్చొత్తింప బూనిన కుమారులును ఇట్లే తలచుచున్నారు. మేమును ఒకప్పుడిట్లే తలచితిమి. తలచి, డబ్బిచ్చి, పని చెడగొట్టుకొని, పిమ్మట బాగుచేసికొంటిమి. కావున నీ విషయమున మాటాడుటకు మాకు కొంత యధికారము గలదని విశ్వసించుచున్నాము.

మా మేనత్తగారు చిన్ననాట ఇంటికి వచ్చి పాఠము చెప్పు ఫిడేలు పంతులుగారి యొద్ద పదునొకండేండ్లు సంగీతము నేర్చిరి. ఆమె స్వహస్తముతో వ్రాసికొన్న మూడు పుస్తకములు మాకు మిగిలినవి, ఆమె మిగులలేదు. మొదటి పుస్తకము వర్ణములది. పుటల యంచులు ముట్టుకొన్న రాలిపోవుచుండుటచే, వానిని స్వరలిపి సాఫ్టువేరులో నెక్కించి అచ్చు ప్రతులు తీయించి బంధువులకు పంచుదమని నిశ్చయించి, అట్టి పనులు చేయు నొకచోట నప్పగించితిమి. ఎక్కించిన యువకుడు శ్రద్ధావంతుడే. ఒక్క యక్షరమును విడువలేదు. ఫైలు వచ్చిన దినమున, పచ్చిమిరియము ఆదియప్పయ్యగారి 'విరిబోణి' భైరవి అటతాళ వర్ణమును కంప్యూటరే వాయించుచుండగా మేము ముందుగదిలో గూర్చుండి సంతోషముతో వినుచుంటిమి. వంటయింటిలో నున్న మా కోడలు గరిటె చేతబట్టుకొనియే వచ్చి, "మామయ్యగారూ, అది భైరవి కాదండీ" అనినది.

మేము పుస్తకము తెచ్చి తెరప్రక్కన నుంచి చూచితిమి. పుస్తకమున నేది గలదో తెరపైనను అదియే కలదు. "పుస్తకములో తప్పు లేదండీ, ధైవతము చూడండి" అని ఆమె వ్రేలితో చూపినది.

విషయ మిది. భైరవి యిరువదవ మేళమగు నఠభైరవి జన్యము. మేళము ననుసరించి దాని ధైవతము శుద్ధధైవతము. కాని భైరవి భాషాంగరాగము. చతుశ్రుతి ధైవతము కూడ నందు చోటు సంపాదించుకొన్నది. పంచమము నుండి ధైవత నిషాదముల మీదుగా పై షడ్జమున కెక్కునపుడు చతుశ్రుతి పలుకును. దిగి పంచమముపై వాలునపుడు శుద్ధము పలుకును. ఈ రెంటి నడుమనే భైరవి ప్రాణమున్నది. మా మేనత్తగారు రెండింటికిని 'ధ' యనియే వ్రాసికొనిరి. వేరుగా నేల వ్రాయవలయును? పాడుకొనువారు తామే గదా! చేతివ్రాత పుస్తకములు పెక్కు లిట్లే యుండును: పైన రాగతాళముల పేళ్లు, క్రింద స రి గ మ లు. ఆ పైనున్న రాగము పేరే క్రింది యక్షరములకు తాళపుచెవి. మా యువకుడు రాగముల పట్టిక యొకటి చూచి, భైరవి యిరువదవ మేళమునకు చెందినదని గ్రహించి, కనబడిన ప్రతి 'ధ'ను శుద్ధధైవతముగా నెక్కించెను. యంత్రభాషలో ప్రతి స్వరస్థానమున కొక యంకె కలదు. షడ్జమును 60 అనుకొన్నచో శుద్ధధైవతము 68, చతుశ్రుతి ధైవతము 69. ఒక్క యంకె భేదము. ఆ యొక్క యంకెతో మా మేనత్తగారు పదునొకండేండ్లు కష్టపడి నేర్చిన భైరవి నఠభైరవియై కూర్చున్నది. బంధువులకు పంచుటకు నలువది ప్రతులు చెప్పి యుంటిమి. గరిటెతో వచ్చిన పిల్ల లేకున్న నవి యీపాటికి నలువది యిండ్లలో నుండెడివి. వానిని చూచి నేర్చుకొన్న పసివారు దానినే భైరవి యనుకొందురు.

యంత్రము మనల నేమి యడుగునో చదువరులు గమనింపవలయును. మ్యూజ్‌స్కోర్ అనునది ఉచితముగా లభించు సాఫ్టువేరు. అందు 'ఎన్' మీట నొక్కిన స్వరలేఖనము మొదలగును. పిదప కాలమునకై యొక యంకె: 5 నొక్కిన నొక ప్రమాణము, 4 నొక్కిన నందు సగము, 6 నొక్కిన రెట్టింపు. ఆ వెనుక 'ఏ' మొదలు 'జీ' వరకు గల యక్షరములలో నొకటి. బాణపు మీటలతో అరస్వరము పైకిని క్రిందికిని జరుపుకొనవచ్చును. కొందరు పియానోవంటి మెట్లపలకను తగిలించి, మెట్టు నొక్కి స్వరము నిత్తురు. వెలపెట్టి కొను సిబీలియస్, డోరికోలలో మీటల తీరు వేరు కావచ్చును గాని ప్రశ్నలు మాత్ర మివియే: ఎంత యెత్తు? ఎంత సేపు? రాగమేది యని యే యంత్రమును అడుగదు. అది దాని నేరము కాదు. ఐరోపావారి అయిదుగీతల లిపికై కట్టిన సాధన మది; ఆ లిపిలో స్వరస్థానము కాగితముపైననే పూర్తిగా నుండును. మన పుస్తకములలో నట్లు కాదు. సగము కాగితముపైనను, సగము పాడువారి గొంతునందును నుండును. కాగితము నుండి యంత్రమునకు దాటించువారు ఆ రెండవ సగమును తామే పూరింపవలయును. తెలిసి పూరించినను తెలియక పూరించినను పూరించియే తీరవలయును. 68 యో 69 యో తేల్చక యా స్వరము తెరకెక్కదు.

కావున ఎక్కించువారు నకలు వ్రాయుట లేదు, పరిష్కరణము చేయుచున్నారు. శిథిలమైన తాళపత్రము ముందిడుకొని యిచ్చట గణభంగమైనది, అచ్చట నక్షరము జారినది యని తీర్చి కావ్యమును నిలబెట్టు పండితున కెట్టి బాధ్యత గలదో వీరికి నట్టిదే కలదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారివంటివారు చేసిన పనిని పుటకింత యని ఛందస్సు రాని బాలునకు కూలి కిచ్చితిమని యెవరైన జెప్పిన మనము నవ్వుదుము. వర్ణముల పుస్తకము నిచ్చినపుడు మాత్రము నవ్వము. చౌకగా కుదిరినదని మురిసెదము.

యంత్రమును నిందించుట మా యుద్దేశము కాదని మరల చెప్పుచున్నాము. తాళ విషయమున దానివంటి నిక్కచ్చి లెక్కరి మాకు కనబడలేదు. అటతాళమున 5, 5, 2, 2 చొప్పున పదునాలు గక్షరములు. ఆ లెక్క మొదటనే చెప్పి యుంచినచో, స్వరములు తగ్గిన ఆవర్తము చివర ఖాళీ చూపును. పెరిగిన ప్రక్క గడిలోనికి పొరలించును. మా మేనత్తగారి వ్రాతలో నొక యావర్తమున అరయక్షరము తక్కువైన సంగతి యిన్నాళ్లకు దానివలననే బయటపడినది. ఎక్కడనో కామా యొకటి పెట్ట మరచిరి. కాని యా ఖాళీని యంత్రము మౌనచిహ్నముతో చూపగా మా యువకు డట్లే యుంచివేసెను. స్వరము సాగవలసిన చోట గొంతు తెగినది. లోప మున్నదని చెప్పగలది యంత్రము. ఏ స్వరమును సాగదీసిన లోపము తీరునో చెప్పగలది పాట వచ్చిన మనిషి. సాహిత్యము నెక్కించుటలోను నిదే తంటా. ఒక్క దీర్ఘాక్షరము పది స్వరములపై సాగునపుడు తరువాతి యక్షర మే స్వరము క్రింద పడవలయునో పాడి చూచుకొనని వారికి తెలియదు. మాట నడుమ విరిగి వేరర్థ మిచ్చును.

ఇక గమకము. తోడి గాంధారమును కదలక పట్టినచో నెవరికి తోడి వినబడును? అది యూగుచునే గాంధార మగును. యంత్రమున దానినొక చుక్కగా నెక్కించి వాయింపుమన్న గోడకు కొట్టిన మేకువలె నిలిచిన స్వరము వచ్చును. ఈ మాట వినగానే పండితులు కొందరు లేచి, "ఇందుకే మేము చెప్పునది, మన సంగీతము వ్రాతకు లొంగదు, గురుముఖమే శరణ్యము" అందురు. (ఇట్లనువారి బీరువాలలోనే నోటుపుస్తకములు తాళము క్రింద నుండుట మేమెరుగుదుము.) వీరికి మా ప్రత్యుత్తరము తాళ్లపాకవారి రాగిరేకులే. తిరుమలలో దొరకిన యా రేకులపై పదము లున్నవి, రాగముల పేళ్లున్నవి. పాడిన వరుసలు తెలుపు స్వరములు లేవు. నేడు మన చెవికి పరిచితములైన అన్నమాచార్య కీర్తనల వరుసలలో పెక్కు ఇరువదవ శతాబ్దిలో కట్టబడినవి. గురుముఖము శరణ్యమే, కాని గురువునకు శిష్యుడు దొరకని తరము నడుమ నొక్కటి వచ్చిన చాలును.

వ్రాతకు లొంగదను మాటకు వేరొక ప్రత్యుత్తరము 1904లో ఎట్టయపురమున వెలువడినది. ముత్తుస్వామి దీక్షితుల వంశమువారగు సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తమిళదేశమున, తెలుగు లిపిలో ప్రకటించిరి. కంపితము, స్ఫురితము, నొక్కు, రవ, ఒరిక, జారు మొదలగు గమకములకు వేరువేరు గుర్తు లేర్పరచి స్వరములపై నుంచిరి. ఆ గుర్తులు చూచినంతమాత్రమున నెవ్వరును విద్వాంసులు కారు. కాని తెలిసినవారికి, ఇచ్చట నీ స్వరము నూచవలయును, ఇచ్చట జార్చవలయును అను సంగతి కాగితము చెప్పును. ఆ గ్రంథము వెనుక చిన్నస్వామి మొదలియారుగారి పూనిక కలదు. పాశ్చాత్య లిపిలో ప్రవీణులైన మొదలియారుగారు మన కృతులను అయిదుగీతల లిపిలో ప్రకటింప 1890 దశకమున నెంతయో శ్రమించిరి. లిపి నెరిగినవారును పాట నెరిగినవారును చేరువైనందున నా కార్యము సాధ్యమైనది. మనము నేడు చేయుచున్నదో? లిపి నెరిగినవానికి పుస్తకమిచ్చి, పాట నెరిగినవారిని వంటయింట నుంచుచున్నాము.

ఈ మాట మేము అలంకారమునకై చెప్పలేదు. తెలుగుదేశమున మధ్యతరగతి యిండ్లలో ఆడపిల్లకు సంగీతము చెప్పించుట యెన్ని తరములనుండియో కలదు. విజయనగరమున 1919లో వెలసిన సంగీత కళాశాలకు నూరేండ్లు దాటినవి. ఆ వెనుక ఇతర పట్టణములలోను కళాశాలలు వెలసినవి. సర్టిఫికెట్టు పరీక్షలు, డిప్లొమా పరీక్షలు వ్రాసి కృతార్థులైన స్త్రీలు ప్రతి వీధిలోను నున్నారు. సరళీస్వరములు మొదలు వర్ణముల వరకు వారికి కంఠస్థము. పెండ్లిచూపులనాడు ఒక కీర్తన పాడింతురు. పెండ్లి యైన పిమ్మట వీణకు గుడ్డ కప్పుదురు. ఆ పిమ్మట ఆ విద్యను గూర్చి యెవ్వరు నడుగరు. అడిగినను సత్యనారాయణ వ్రతమునాడు మంగళహారతి పాడుమని యడుగుదురు. మా కోడలు పది సంవత్సరములు నేర్చి డిప్లొమా పొందినదని మాకు తెలియును. తెలిసియు, వర్ణముల పుస్తకమును ఎవరి కియ్యవలయునని ఆలోచించినపుడు మే మామెను తలచుకొనలేదు. పెట్టెలో నున్న బంగారమును మరచి బజారున గిల్టు కొన్న తీరుగా నున్నది మా వివేకము. సంస్కరణమును గూర్చి యీ పత్రికలో మేము వ్రాసిన పుటలను ఆమె చదివియే యుండును. ఏమనుకొన్నదో మే మడుగలేదు.

"సరే, ఇంటి పిల్లయే గదా, తీరిక వేళల నామెయే చేయును, డబ్బును మిగులును" అని మా మిత్రులు వెంటనే దారి మార్చిరి. ఈ దారియు మేము ఒప్పము. తీరిక వేళ యనునది ఇల్లాలి కెక్కడ నున్నది? బయటివాని కిచ్చినపుడు పుటకు వెల యున్న పని, కోడలు చేసినపుడు ఇంటిచాకిరిలో కలిసిపోవునా? బయటివానికి గుమాస్తా వేతన మిచ్చితిమి. ఆమెకు పరిష్కర్త వేతన మియ్యవలయును, ఆ పని వేళలలో పొయ్యి మరియొకరు చూడవలయును, ప్రతిపై నామె పేరుండవలయును. పేరు కీర్తికై కాదు. ఈ 'ధ'ను చతుశ్రుతిగా నిర్ణయించిన దెవరు, ఎవరి పాఠము ననుసరించి నిర్ణయించిరి అని రేపటివారు ప్రశ్నించినపుడు జవాబు చెప్పు మనిషి యుండవలయును గదా. పేరు లేని ప్రతి మీద తప్పునకు తండ్రి లేడు.

ఇంకొక యాక్షేపణ కలదు, ఇది నవనాగరికులది. మనుష్యులే యక్కరలేదు, పుట ఫొటో తీసి యిచ్చిన కృత్రిమ మేధ తానే చదివి యెక్కించునని వీ రందురు. మేము కాదనము. అచ్చువేసిన అయిదుగీతల పుటలను చదువు యంత్రములు ఇప్పటికే కలవు. చేతివ్రాత తెలుగు స్వరములను సయితము రేపు తప్పు లేక చదువుగాక. తప్పు లేక చదివిన నేమి తేలును? 'ధ' యని తేలును. మా యువకుడును తప్పు లేకయే చదివెను. పుస్తకమున లేనిదానిని పుస్తకమును చదివి యెట్లు తెలిసికొందురు? ఫోనులో గొంతు రికార్డు చేసిన చాలదా యని యడుగువారును గలరు. చేయుడు, తప్పక చేయుడు. మేము చేయకపోతిమి, దుఃఖించుచున్నాము. కాని రికార్డును విని స్వరము తేల్చుటకు మరల చెవి గల మనిషియే కావలయును.

ఎక్కించిన ఫైలును భద్రపరచుటను గూర్చియు నొక మాట. 1988లో పుట్టి, స్వరలిపి ముద్రణమున ప్రపంచమంతట పేరుపొందిన ఫినాలె సాఫ్టువేరును ఇక వృద్ధిచేయబోమని దాని యజమానులు 2024 ఆగష్టున ప్రకటించిరి. ముప్పదియైదేండ్ల పని నా రూపమున దాచుకొన్నవారు గుండె పట్టుకొనిరి. మనకిది క్రొత్త కాదు. యూనికోడు రాకముందు ఒక్కొక ఫాంటునకు కట్టుబడి టైపు చేయించిన తెలుగు పుస్తకముల ఫైళ్లు, ఆ ఫాంటు లేనిచో నేడు పిచ్చిగీతలుగా తెరచుకొనుట మన ముద్రాపకు లెల్లరు నెరుగుదురు. కావున సాఫ్టువేరు సొంత ఫైలుతో బాటు, మ్యూజిక్ ఎక్సెమ్మెల్ అను సర్వసామాన్యమైన రూపమున నొక ప్రతి తీసి యుంచవలయును. దానిని పెక్కు సాఫ్టువేరులు చదువగలవు. కాగితముపై నొక ప్రతి యెట్లును నుండవలయును. తెలుగు స్వరములనే వాడదలచినవారు సామాన్యపు టైపు సాఫ్టువేరులో స్థాయి చుక్కలు పెట్టబోయిన నవి తరచు అక్షరము మీద నిలువక ప్రక్కకు జారును; తారస్థాయి షడ్జము మధ్యస్థాయిలో పడును. దీనిని గూర్చి మన లిపి శిల్పులు ఆలోచింపవలసి యున్నది గాని యది వేరు వ్యాసము.

మా యింటి సంగతి ముగింతుము. కోడలు ఆ ఫైలును చెరపివేయలేదు. ముందుగా నోటుపుస్తకముపై కాక, దాని నకలుపై పెన్సిలుతో ప్రతి 'ధ' ప్రక్కను 1 అనియో 2 అనియో అంకె వేసినది. పాడుకొనుచు వేసినది. శుద్ధమునకు 1, చతుశ్రుతికి 2. అంకెలు వేయుటకు మూడు సాయంకాలములు పట్టినవి. తెరపై దిద్దుటకు ఒక్క గంట పట్టినది. పని యెచ్చట నున్నదో మా మిత్రు లీ లెక్కనుబట్టి గ్రహింతురు గాక. తగ్గిన అరయక్షరమును ఒక నిషాదము మీద సాగదీసినది. చిట్టస్వరములో నొక్క 'ధ' మాత్ర మామెకు తేలలేదు. తా నేర్చిన పాఠమొకటి, మేనత్తగారి వ్రాత చూపు పోకడ మరియొకటి. మా మేనత్తగారితో కూడ నేర్చుకొన్న వృద్ధురా లొకరు రాజమహేంద్రవరమున నున్నారు. ఆమెకు ఫోను చేయగా, మొదట దగ్గి, నాకేమి జ్ఞాపకముండును తల్లీ యని, వెంటనే ఆవర్తమంతయు పాడినది. శుద్ధధైవతమే. ఆ పాట నీ మారు రికార్డు చేసితిమి.

నలువది ప్రతులు క్రొత్తగా అచ్చయినవి. మొదటి పుటపై మేనత్తగారి పేరును, ఆ వృద్ధురాలి పేరును, పరిష్కర్తగా కోడలి పేరును గలవు. రెండవ పుస్తకము కాంభోజితో మొదలగుచున్నది. అందు కైశికి నిషాదమే సామాన్యము, 'స ని ప ధ స' యనుచోట మాత్రము కాకలి పలుకును. పుస్తకమున నన్నియు 'ని' యే. ఆ యువకునికి కబురు పంపితిమి. ఈ మారు అతడు మీటలు నొక్కును, ఆమె ప్రక్కను గూర్చుండి పాడును. సోమ గురువారములలో వంట మాది.